నాంపల్లిలో ఒక జపాన్ గోడ

ఉదయం పదీ ఇరవైకి యాదగిరి మేస్త్రి ముందుగది గోడ మీద నీళ్ళు చల్లి గీకడం మొదలుపెట్టాడు. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నది జ్ఞాపకశక్తి వల్ల కాదు. పని జరిగే ప్రతి ఇంట్లోనూ ఏది ఎన్నింటికి మొదలైందో ఒక చిన్న నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఆ పేజీలో "10.20, ముందుగది, తూర్పు గోడ, గీకుడు" అని నా చేతిరాత ఇప్పటికీ ఉంది.

అది నాంపల్లి స్టేషన్ వెనక సందులో రెండో అంతస్తు ఇల్లు. ఆ సమయానికి ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. గోడ కిందిభాగానికి వచ్చాక యాదగిరి ఆగాడు.

"మేడం, గీడ నూనె మరకున్నది. లోపలిదాక దిగింది. గిట్లనే లప్పం పెడితే నిలవది. నాలుగు రోజులల్ల మల్ల పైకొస్తది."

లప్పం అంటే రంగు వేసే ముందు గోడను నునుపు చేయడానికి పట్టించే తెల్లటి ముద్ద. నేను వంగి చూశాను. నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో, అన్నం తినే పళ్ళెమంత వెడల్పున, గోధుమరంగు మరక. మధ్యలో నల్లబడి, అంచుల దగ్గర పలచబడి ఉంది. ఎవరో అక్కడ కూర్చుని తల ఆనించేవారని చూసిన ఎవరికైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది.

"ఏం చేద్దాం?"

"సిమెంటుదాక గీకాలె."

"గీకు," అన్నాను.

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో అన్నిటికంటే పెద్దది ఆ ఒక్క మాట. యాదగిరికి ఇరవై నిమిషాలు పట్టింది. తర్వాత ఇద్దరం చాయ్ తాగాం.

ఇళ్ళ అలంకరణ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నా అనుభవాలు రాయమని అడిగారు. ఎప్పుడు చేరాను, ఎప్పుడు ఏ హోదా వచ్చింది అన్నవి ఎవరికీ పనికిరావు. ఆ గోడ సంగతి రాస్తాను. అది అర్థం కావడానికి కావలసినంత మేరకు మిగతావి రాస్తాను.

దేశాల పుస్తకాలు

మా షోరూం అబిడ్స్‌లో, ఒక చెప్పుల దుకాణం మీద మొదటి అంతస్తులో ఉండేది. యజమాని శ్రీహరి గారు. మెల్లగా మాట్లాడే మనిషి, అమ్మకంలో మాత్రం మొహమాటం లేదు. పరదా గుడ్డలు, గోడకాగితాలు, రంగుల నమూనాలు పుస్తకాలుగా కుట్టించి, ఒక్కో అట్ట మీద ఒక్కో దేశం పేరు రాయించారు. గ్రీసు, మొరాకో, స్వీడన్, మెక్సికో, జపాన్. గుడ్డలన్నీ సూరత్ నుంచి వచ్చేవే. వచ్చినవాళ్ళ ముందు ఆ అట్టలు పరిచి, "మీ ఇంటిని ఏ దేశం తీసుకపోదాం చెప్పండి" అనేవారు. జనం నవ్వేవారు, కూర్చునేవారు, చాయ్ తాగేవారు. ఆ తర్వాత వాళ్ళను నాకు అప్పగించేవారు.

నాకు ఆ అట్టల మీద నమ్మకం తక్కువ. మా నాన్న సుల్తాన్ బజార్‌లో గుమాస్తా. ఇంట్లో సామాను తక్కువ, పుస్తకాలు ఎక్కువ. అందుకో ఏమో, ఒక దేశంలో ఇల్లు అలా ఎందుకు కట్టుకున్నారో చదివి తెలుసుకుంటే తప్ప నాకు తోచేది కాదు. సముద్రం పక్కన కొండల మీద ఇళ్ళకు సున్నం వేసేది ఎండను వెనక్కి కొట్టడానికి. మంచు దేశాల్లో గోడలు తెల్లగా, కొయ్య లేతరంగులో ఉండేది చలికాలంలో పగటి వెలుతురు కొన్ని గంటలే కాబట్టి. దొరికిన కాస్త వెలుతురునూ వాళ్ళు పోగొట్టుకోలేరు. వాళ్ళకు అవసరంగా పుట్టినవి మన దగ్గరికి వచ్చేసరికి అలంకారమవుతాయి. అలంకారమంటే నాకు మొదటి నుంచీ అనుమానం. అలంకరణ చేసి బతికిన మనిషి ఈ మాట అనడం విడ్డూరమే, కానీ నిజం.

సుల్తాన్ బజార్‌లోనే, బట్టల దుకాణం పైన ఉండే ఒకావిడ గ్రీసు కావాలన్నారు. తెల్ల గోడలు, నీలం తలుపులు. పని బాగానే కుదిరింది. నాలుగు నెలలకు ఆవిడ ఫోన్ చేశారు.

"మేడం, ఒక్కటడుగుత, ఏమనుకోవద్దు. గ్రీసుల దుమ్ము ఉండదా?"

వెళ్ళి చూస్తే కిటికీ వైపు గోడ బూడిదరంగుకు వచ్చింది. కింద రోజంతా ఆటోలు. ఆవిడ తడిగుడ్డ పట్టుకుని స్టూలు మీద నిలబడి ఉన్నారు. నేను ఇంకో రంగు పేరు చెప్పాను.

యాదగిరి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నల్లగొండ వైపు పల్లె నుంచి సున్నం పనికి వచ్చినవాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. ఇరవై ఆరేళ్ళు కలిసి పనిచేశాం. మెక్సికో పుస్తకంలో ఎర్రమట్టి రంగు గోడ బొమ్మ ఒకటి ఉండేది. ఒక ఇంటికి అది కుదిరింది. ఆ పూత తెలిసిన మనిషిని బొంబాయి నుంచి పిలిపించాలని శ్రీహరి గారు మాట్లాడుతున్నారు. యాదగిరి ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"మేడం, గిది జాజు గదా. పండుగొస్తె మా అవ్వ ఇల్లంత పూసేది. గిది గూడ నాకు రాదంటరా?"

బొంబాయి మనిషిని పిలవలేదు.

జపాన్ ఎందుకు

నాంపల్లి ఇల్లు విశ్వనాథం గారిది. ఆయనకు ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం టోకు వ్యాపారం. అప్పటికి డెబ్బై మూడేళ్ళు. కూతురు శైలజ చాదర్‌ఘాట్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతుంది, తండ్రితోనే ఉంటుంది. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు. ఒక సాయంత్రం ఆమె రోడ్డు తవ్వకాలు దాటుకుని, బడి సంచితోనే మా షోరూంకి వచ్చింది.

"మా అమ్మ పోయి ఏడు నెల్లయితుంది మేడం. మా నాయిన దుకాణంకు పోవుడే బందు పెట్టిండు. పొద్దున లేస్తె ముందరి గదిల కుర్చేసుకోని కూసుంటడు. ఎదురుంగ గోడకు చూసుకుంట. పేపర్ లేదు, టీవీ లేదు. తినుమంటె తింటడు, పండుమంటె పంటడు. గంతే. గా గది మారితెనన్న మనిషి మారుతడేమో అని."

ఆమెకు కావలసింది గది కాదు, తండ్రి. అది నాకు ఆ రోజే తెలుసు. తెలిసినా గది గురించే మాట్లాడాను, ఎందుకంటే నాకు వచ్చింది అదే.

తన ఫోన్‌లో దాచుకున్న బొమ్మలు చూపించింది. జపాన్ ఇళ్ళు. చాపలు, ఒక పొట్టి బల్ల, ఒక కాగితం దీపం, అంతే. "చూస్తెనే మనసు నెమ్మదైతుంది కదా," అంది. "సామాను ఏం లేకపోతె యాదికొచ్చేటియి గూడ ఉండయి."

నేను చదివింది చెప్పాను. జపాన్‌లో వయసు మీద పడిన వస్తువును ఇష్టంగా చూసుకుంటారని, చేతులు తగిలి తగిలి నునుపెక్కిన కొయ్యను, పొగకు నల్లబడిన దూలాన్ని, పగులు కనిపించే మట్టిగోడను అలాగే ఉంచుకుంటారని, కాలం చేసిన పనిని దాచిపెట్టరని. శైలజ శ్రద్ధగా విన్నది. అదంతా చెప్పి, తూర్పు గోడకు మట్టిరంగు పూత ఒకటి ఎంచాను. స్పాంజితో అద్ది, అక్కడక్కడ నీడలు తెప్పించి, ఎంతో కాలంగా ఉన్నట్టు కనిపించేలా చేసే పూత. పాతగా కనిపించే కొత్త గోడ. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

కొలతలకు వెళ్ళిన రోజు విశ్వనాథం గారు ఆ కుర్చీలోనే ఉన్నారు. పొట్టి మనిషి, నున్నటి తల, తెల్లటి బనీను. నేను టేపు పట్టుకుని ఆయన చుట్టూ తిరిగాను.

"గోడలు వడగొడ్తరామ్మా?" అన్నారు.

"లేదండి. రంగులే."

"అంటె గోడ గట్లనే ఉంటది?"

"గోడ ఎక్కడికి పోతుందండి," అని నవ్వాను.

"అయితె మంచిది. మా బిడ్డ ఇష్టం."

పాత గది ఫోటోలు మూడు తీశాను. మూడూ కిటికీ వైపే. తూర్పు గోడ వైపు తీయాలని తోచలేదు. అక్కడ తీయడానికి ఏమీ లేదనుకున్నాను. ఆయన గంటల తరబడి దాన్నే చూస్తున్నారని కూతురు చెప్పింది, నేను కళ్ళారా చూశాను. ఖాళీగా చూస్తున్నారనుకున్నాం ఇద్దరం. దేన్ని చూస్తున్నారని అడగలేదు.

పని జరిగిన వారం రోజులూ శైలజ ఆయనను బతిమాలి పగలు దుకాణానికి పంపింది. అందుకే పదీ ఇరవైకి ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

మెట్లు

గది బాగా వచ్చింది. ఇది గొప్ప కోసం కాదు, నిజం కోసం రాస్తున్నాను. శైలజ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. శ్రీహరి గారు ఫోటో తీయించి జపాన్ పుస్తకంలో మొదటి పేజీకి అంటించారు. విశ్వనాథం గారు సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, చెప్పులు విడిచి, తూర్పు గోడ ముందు నిలబడ్డారు. "మంచిగుంది," అన్నారు. వెనక గదిలోకి వెళ్ళి పడుకున్నారు.

పదకొండో రోజు శైలజ ఫోన్ చేసింది.

"మేడం, మా నాయిన ఇంట్ల కూసుంటలేడు. పొద్దుగాల లేచి మెట్ల మీదికి పోతడు. చాయ్ గాడనే, అన్నం గాడనే. నిన్న నన్ను పిలిచి, గోదాం పైన అర్రల మంచం వేయించు, ఇంక గాడనే ఉంట అన్నడు. ఏమైంది నాయినా అంటె ఏం లేదు బిడ్డా అంటడు. షుగరున్న మనిషి మేడం. గా బెల్లం గోదాంల ఎలుకల నడ్మ ఎట్లుంటడు?"

నాలుగు గంటలకు వెళ్ళాను. ఆయన రెండో అంతస్తుకు మూడు మెట్ల కింద గోడకు జరిగి కూర్చుని ఉన్నారు. నేను ఒక మెట్టు కిందగా కూర్చున్నాను. కూరగాయల సంచితో ఒకామె పైకి వెళ్తూ ఆగింది.

"ఏం సేటూ, కాపలకు కుదిరినవా?"

"ఔ. జీతమిస్తలేరు, బువ్వ పెడ్తున్నరు."

ఆమె నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆయన నవ్వలేదు.

"ఇల్లు నచ్చలేదాండీ?"

"మంచిగ చేసిన్రమ్మా. చానా మంచిగ చేసిన్రు."

"మరి గోదాం ఎందుకు?"

కింది అంతస్తులో ఎవరో మిక్సీ వేశారు, ఆపారు.

"గా గోడ మా రాజమణి తల పెట్టుకునే జాగ," అన్నారు.

నాకు వెంటనే అందలేదు. అందాక తల ఎత్తలేకపోయాను.

"పగటీలి తలకు నూనె రాసుకోని గా గోడకు ఆనుకోని కూసునేది. బియ్యమేరుకుంట, రేడియో ఇనుకుంట. నేను దుకాణం నుంచి బువ్వకొచ్చి, తిని, ఎదురుంగ కుర్చీల కూసునేటోన్ని. ముప్పై ఏండ్లు. మాటలు గూడ పెద్దగ లేకుండె. బెల్లం రేటెంత, చింతపండు ఎప్పుడు తెస్తవు, గివ్వే. ఆమె పోయినంక గూడ గా మచ్చకు జూసి జెప్పేటోన్ని, ఇయ్యాల గిట్లయిందని. పైకి గాదు. బిడ్డ ఫికర్ చేస్తదని మనసులనే."

"ముందే ఒక మాట చెప్పి ఉంటే..." అన్నాను. తప్పు చేసినవాళ్ళందరూ అనే మాట.

"ఏమని జెప్పాలె? గోడకు జిడ్డున్నది, జర దాన్ని ఉంచుండ్రి అని జెప్తరా ఎవలన్న?" కోపం లేకుండానే అన్నారు: "నేనడిగితి గదమ్మా, గోడ గట్లనే ఉంటదా అని."

అప్పటికి మా ఆయన బతికే ఉన్నారు. ఇప్పుడైతే నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పైన గుమ్మంలో శైలజ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో మేము చూడలేదు. "గా మరక ఫస్టు తీపియ్యాలని నేనే అనుకున్న నాయినా," అంది. "అమ్మను ఎన్నిసార్లు తిట్టిన్నో, గోడ ఖరాబు చేస్తున్నవని."

"నాకెరుకే. నువ్వు బడికెల్లి వచ్చే టైముకు తువ్వాల అడ్డం పెట్టుకునేది, నువ్వు తిడ్తవని. నువ్వు లోపలికి పోంగనే మల్ల తీసేసేది."

శైలజ నవ్వబోయి ముఖం తిప్పుకుంది.

"ఇంట్లకు రా నాయినా."

"గా గదిల కూసుంటె ఎవరింటికో వచ్చినట్టున్నది బిడ్డా. గోదాంలకు ఆమె ఎన్నడు రాలే. గాడ ఆమె లేదని అనిపియ్యది. మంచం వేయించు."

కొబ్బరినూనె

శ్రీహరి గారికి జరిగింది చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మాఫీ అడిగి వచ్చెయ్యమ్మా. ఎందుకు చేశావో చెప్పకు. సరిచెయ్యడానికి అసలే చూడకు."

ముప్పై ఏళ్ళలో ఆయన నాకు చెప్పినవాటిలో అన్నిటికంటే మంచి మాట అది. నేను వినలేదు.

యాదగిరికి చెబితే బోర్లించిన రంగు డబ్బా మీద కూలబడ్డాడు. "మరకున్నదని జెప్పిన గాని, ఎవరిదని నేను గూడ అడగకపోతిని," అన్నాడు. మర్నాడు అతనే ఉపాయం తెచ్చాడు.

"మేడం, కొబ్బరినూనె పెడదాం. గుడ్డతోటి అద్దుకుంట పోతె గోడ గుంజుకుంటది. ఎండలున్నయి, రెండ్రోజులల్ల దిగుతది. గంత మసి కలిపితె నడ్మ నలుపొస్తది. అచ్చం గట్లనే చేస్త."

నేను ఒప్పుకున్నాను. ఇంకో తప్పు అది, మొదటిదాని కంటే ఎక్కువ తెలిసి చేసింది. శైలజ కూడా ఒప్పుకుంది. ఆమె ఏదైనా ఒప్పుకునే స్థితిలో ఉంది. గోదాం గదికి మంచం సోమవారం వస్తుంది. ఆలోగా ఆయన మనసు మారాలి.

మెట్ల మీద ఆయన పక్క నుంచే వెళ్ళాలి. "చిన్న పని మిగిలిందండి," అన్నాను. "కానియ్యుండ్రి," అని మోకాళ్ళు పక్కకు జరుపుకున్నారు. యాదగిరి చేతిసంచిలో నూనె సీసా ఉంది.

రెండు ఉదయాలు యాదగిరి నేల మీద బాసింపట్టు వేసుకుని ఆ పని చేశాడు. చూపుడువేలికి పాత పంచె ముక్క చుట్టుకుని, అద్ది, ఆగి, ఆరనిచ్చి, మళ్ళీ అద్ది. ఏ గోడకూ అతను అంత ఓపిక చూపించగా నేను చూడలేదు. పూర్తయ్యాక వెనక్కి జరిగి చూశాం. ఏ తేడా కనిపించలేదు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆదివారం ఉదయం శైలజ తండ్రిని లోపలికి పిలిచింది. ఆయన వచ్చి గోడ ముందు నిలబడ్డారు. ముందుకు వంగారు. చేత్తో తాకలేదు.

"ఎవలు జేసిన్రు?"

"నేనే సేటూ," అన్నాడు యాదగిరి.

"ఆమె గింత పొడుగు లేకుండె."

ఆయన అరచెయ్యి చాపి, మరకకు బెత్తెడు కింద గోడకు ఆనించారు. "గీడికి. గీడికొచ్చేది."

"తప్పయింది సేటూ. కిందికి జేస్త."

"వద్దు. గీ నూనె నీది. ఎంత కిందికి రాసినా నీదే ఉంటది."

యాదగిరి ముఖం వాడిపోయింది. "అయితె గీకేస్త సేటూ. రేపటికల్ల సాఫ్ జేసిస్త."

"ఇంక గీకకుండ్రి. మస్తు గీకిన్రు."

ఆయన చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. అంత కిందికి వంగి నిలబడటం ఆ వయసులో కష్టం. గోడకు వీపు తిప్పి, దాన్ని పట్టుకుని, మెల్లగా కిందికి జారి కూర్చున్నారు. శైలజ సాయం పట్టబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపారు. కాళ్ళు చాపుకుని, తల వెనక్కి ఆనించారు. నున్నటి తల. యాదగిరి పెట్టిన మరక దానికి కాస్త పైన ఉంది.

ఎదురుగా కిటికీ, దాని కింద మేము పెట్టిన పొట్టి బల్ల. ఆయన అటే చూశారు.

"నా కుర్చీ ఏది?"

"వెనకర్రల ఉన్నది నాయినా."

"తే."

శైలజ తెచ్చింది. ఆయన కూర్చున్నచోటి నుంచే చెయ్యి ఊపుతూ చెప్పారు. "జర ఎడమకు. ఇంక వెనక్కి. గాడ." యాదగిరి పొట్టి బల్లను ఎత్తి పక్కన పెట్టాడు. ఖాళీ కుర్చీ గోడకు ఎదురుగా నిలిచింది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు.

"గీడ కూసుంటె గింతేనా కనవడేది," అన్నారు. "గా కుర్చీ, కుర్చీల నేను. పాపం, ముప్పై ఏండ్లు గిదే మొకం జూసింది."

శైలజ వంటింట్లోకి వెళ్ళిపోయింది. యాదగిరి తన సంచి తీసుకుని మెట్ల మీదికి వెళ్ళాడు. నేను నిలబడి, శ్రీహరి గారు చెప్పిన పని అప్పటికి చేశాను. క్షమించమని అడిగాను. ఎందుకు చేశానో చెప్పలేదు.

"కూసో అమ్మా," అన్నారాయన. "చాయ్ తాగిపో. గాయన్ను గూడ పిలువు."

గోదాంకు మంచం వెళ్ళలేదు. ఆయన మధ్యాహ్నం దాకా దుకాణంలో కూర్చుని, ఇంటికి వచ్చి, భోజనం చేసి, ఆ గోడకు ఆనుకునేవారు. కూతురు బడి నుంచి వచ్చే వేళకు ఆ కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి ఆ రోజు సంగతులు అడిగేవారని విన్నాను. గోడ సంగతి ఎవరైనా అడిగితే, "గా మచ్చ యాదగిరిది, కింద జాగ మా ఇంటామెది" అనేవారట. ఒకసారి వెళ్ళినప్పుడు నేనే అడిగాను, ఇన్నాళ్ళయినా మీ మరక పడలేదేమండీ అని.

"జుట్టుంటె గదమ్మా నూనె."

జపాన్ పుస్తకంలో మాత్రం ఆ గది ఫోటో మొదటి రోజుదే ఉండిపోయింది.

గీకే ముందు

కొత్తవాళ్ళకు రెండు మాటలు. ఏ దేశం పద్ధతి అన్నది చివర ఆలోచించండి. ముందు ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఏ వైపు చూస్తారు, దేన్ని చూస్తారు అని అడగండి. తప్పు జరిగితే సరిచేయాలన్న తొందర పడకండి. ఆ తొందర ఎక్కువగా మన మనశ్శాంతి కోసమే. వాళ్ళ కోసమని అనుకుంటాం.

ఆ తర్వాత యాదగిరీ నేనూ ఒక అలవాటు చేసుకున్నాం. గీకుడు మొదలుపెట్టే ముందు ఇంట్లో ఉన్న అందరినీ, పనిమనిషితో సహా, పిలిచేవాళ్ళం. ఒక్కొక్కరికీ ఒక సుద్దముక్క ఇచ్చి, గోడల మీద దేన్ని ముట్టుకోకూడదో దాని చుట్టూ గీత గీయమనేవాళ్ళం. ఎందుకని అడిగేవాళ్ళం కాదు. అది యాదగిరి పెట్టిన నియమం. చాలామంది నవ్వి, సుద్దముక్క తిరిగి ఇచ్చేసేవారు. ఇంటి సున్నాలకు మనుషులను ఇలా పరీక్ష పెడతారా అని ఒకాయన కోప్పడ్డాడు కూడా. కొందరు గీసేవారు. ఒక ఇంట్లో ముసలావిడ పొయ్యి పైన గోడకు పట్టిన మసి చుట్టూ గీసింది. ఇంకో ఇంట్లో, అందరూ వెళ్ళిపోయాక ఇంటి యజమాని వెనక్కి వచ్చి, స్నానాల గది తలుపు పక్కన అతికించి ఉన్న ఆరు బొట్టుబిళ్ళల చుట్టూ గీసి, సుద్ద జేబులో వేసుకుని వెళ్ళాడు. ఆ ఇంటికి స్వీడన్ కుదిరింది. తెల్లటి గోడ మీద ఆరు ఎర్రటి చుక్కలు ఉండిపోయాయి. నేను చేసిన ఇళ్ళలో నాకు నచ్చినది అది.

నేను రిటైరయ్యాను. యాదగిరి నిరుడు వానాకాలంలో చనిపోయాడు. చివరిసారి దవాఖానలో చూసినప్పుడు కూడా గది గోడల గురించే మాట్లాడాడు, లప్పం సరిగా పట్టించలేదని. అతను లేకుండా ఈ పని గురించి రాయడం నాకు కొత్త. ఒక్కో మాట రాసి, అతను ఏమంటాడో అని ఆగుతున్నాను.

ఇప్పుడు గోడలు గీకడానికి యంత్రం వచ్చింది. దుమ్మును అదే పీల్చుకుంటుంది. ఒక గది నాలుగు గోడలూ ఒక పూటలో అయిపోతాయి. మొన్న మా పక్కింట్లో దాన్ని వాడగా నిలబడి చూశాను. పని శుభ్రంగా ఉంది, చేసేవాళ్ళు మర్యాదగా ఉన్నారు, చెప్పిన సమయానికి వచ్చి చెప్పిన సమయానికి వెళ్ళారు. నేను దేన్నీ తప్పుపట్టను. గీకే ముందు ఇంట్లోవాళ్ళ చేతికి సుద్దముక్క మాత్రం ఇప్పుడెవరూ ఇవ్వడం లేదు.